మీనాక్షమ్మగారి గుజ్జనగూళ్లు

కొత్తపేటలో మాటా పలుకూ మానేసిన పిల్లల్ని మీనాక్షమ్మగారి అరుగుమీదికి తీసుకొస్తారు. ఆవిడ ఏమైందని అడగదు. కొంగు బొడ్లో దోపుకుని, కొబ్బరిచిప్పలూ తాటాకుబొమ్మలూ పోసి గుజ్జనగూళ్లకి కూర్చుంటుంది. ఇసకన్నం రుచి చూసినట్టు నటించి, ఉప్పు చాలలేదంటుంది. మలేరియాతో తమ్ముడు పోయిన దగ్గర్నుంచీ నోరు విప్పని ముత్యాలనే పిల్ల, ఓనాడు అలాగే వచ్చి బొమ్మలన్నిటికీ వడ్డించి, ఒక్క ఆడపిల్ల బొమ్మని మాత్రం దూరంగా పెట్టింది.

"దానికి పెట్టవుటే?" అంది మీనాక్షమ్మ.

"పెట్టకూడదండి. తమ్ముడికి దాని దిష్టే తగిలిందండి."

అరుగు చివరనున్న తల్లి లోవమ్మ వింది. కొడుకు పోయిన ఏడుపులో తను ముత్యాల్ని అన్న మాటే అది! గబగబా వచ్చి ఆ బొమ్మని ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"జొరమొచ్చి పోయాడే, నా తల్లీ. ముందు దీనికి పెట్టు."

ఇప్పటికీ ఇంట్లో కొబ్బరికాయ కొట్టినప్పుడల్లా లోవమ్మ చిప్పల్ని నున్నగా గీకి, ఆ అరుగుమీద ఉంచి దణ్ణం పెడుతుంది.

"ఇంకో బిడ్డకి పనికొస్తాయండి."