‘లేదు’ మీద పెట్టిన వేలు

కృపగల దేవునికి స్తోత్రం. తోటి మనిషిని నేను అనుమానించిన రోజున కూడా ఆయన నన్ను విడిచిపెట్టలేదు.

ఆనేకల్ బస్సులో కూర్చుని, మా సంఘం కోసం రాసిన ప్రార్థన విన్నపాల యాప్‌ను ఫోన్‌లో సరిచూస్తున్నాను. పక్క సీట్లో పెయింటు మరకల చొక్కా వేసుకున్నాయన అదే పనిగా తొంగిచూస్తున్నాడు. ఫోన్ లాక్కుపోతాడేమోనని గట్టిగా పట్టుకున్నాను.

“ఏమప్పా అది?”

“ఆఫీసు పని,” అని అబద్ధమాడాను.

“ఆఫీసులో బాప్తిస్మం అయిందా అని అడుగుతారా?” అని నవ్వి, ‘బాప్తిస్మం పొందారా?’ అన్న ప్రశ్న కింద ‘లేదు’ మీద వేలు పెట్టాడు. ఉలిక్కిపడి ఫోన్ వెనక్కి లాక్కున్నాను. అప్పటికే తెర ఖాళీ అయిపోయింది.

“నాకు కాలేదప్పా. నా పెండ్లానికి రేపు ఆపరేషన్ ఉండాది. నేను పంపితే ఎక్కడికి పోతాది?”

ఎక్కడికీ పోదు. ‘అవును’ అంటే విన్నపం పాస్టరుగారికి చేరాలని కోడ్‌లో ‘ఇఫ్’ షరతు రాశాను. ‘లేదు’ అంటే ఏం చెయ్యాలో చెప్పే ‘ఎల్స్’ రాయనేలేదు. ఇదేదో మోసమేమోనని ఫోన్ జేబులో పెట్టేసుకున్నాను. చందాపుర స్టాపులో ఆయన డబ్బేమీ అడక్కుండా దిగిపోయాడు.

ఆ ‘ఎల్స్’ ఆ రాత్రే రాశాను. ఇప్పుడు అందరి విన్నపాలూ పాస్టరుగారికే వెళ్తాయి. బస్సులో కలిసిన ఆయనది మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఆయన భార్య పేరు నాకు తెలియదు, దేవునికి తెలుసు. ఆమె కోసం నాతో కలిసి ప్రార్థించండి.