చెవి అందని వయసు

నాకు పుట్టినరోజులు రెండు. ఒకటి కార్తీక మాసంలో వస్తుంది. నాన్న దాన్ని పాత పంచాంగం అట్ట లోపల పెన్సిలుతో రాసి పెట్టుకున్నాడు. రెండోది జూన్ ఒకటి. అది నా టెన్త్ సర్టిఫికెట్లో ఉంది. రెండింటికీ ఏడాదిన్నర తేడా. మా కాలం పిల్లల్లో ఇది వింతేమీ కాదు, మా క్లాసులో సగం మంది జూన్ ఒకటినే పుట్టారు. ఆఫీసు కాగితాల్లో సర్టిఫికెట్ తేదీ రాయాలని, జాతకం చూపించుకునేటప్పుడు అసలు తేదీ చెప్పాలని మాకు ఒకరు నేర్పకుండానే తెలుసు.

అలాంటిదాన్ని, ఇంటర్నెట్లో డబ్బులు అందుకునే ఖాతా తెరిచిన రోజున అసలు తేదీ కొట్టాను. నాకది ఆఫీసులా కనిపించలేదు మరి. గుమాస్తా లేడు, కౌంటరు లేదు, రబ్బరు స్టాంపు లేదు. నెట్ సెంటర్లో నేనూ, ఎదురుగా తెరా. ఇక్కడ కూడా అబద్ధం ఎందుకులే అనుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక ఒక ఫారంలో నిజం రాసింది అదే మొదటిసారి. దానికే పట్టుబడ్డాను.

అప్పటికి మా కాపురం నిడదవోలులో. రెండు వేల ఆరో ఏడో. మా ఆయన రైస్ మిల్లులో లెక్కలు రాసేవారు. మా అమ్మది నరసాపురం వైపు. అక్కడి ఆడవాళ్ళకి లేసు అల్లడం అన్నం వండినంత మామూలు పని. అమ్మ నాకు గుర్తు లేదు, నేను పలక పట్టిన ఏడాదే పోయింది. ఆవిడ అల్లిన లేసులు మాత్రం ఒక రేకు పెట్టె నిండా ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే నెట్ సెంటరుకి తీసుకెళ్ళి, స్కానర్ అద్దం మీద పరిచి, పైన నల్ల జాకెట్టు గుడ్డ కప్పి స్కాన్ చేసేదాన్ని. ఏ గడి ఎలా అల్లాలో వచ్చీరాని ఇంగ్లీషులో రాసి ఒక వెబ్‌సైటు పెట్టాను. ఎక్కడెక్కడి ఆడవాళ్ళో చూడటం మొదలుపెట్టారు. దారాలు, సూదులు అమ్మే ఒక విదేశీ కంపెనీ లింకు పేజీ చివర పెట్టాను. అది నొక్కి ఎవరైనా కొంటే అందులో నాకు కొంచెం కమిషన్. ఆ కమిషన్ వెళ్ళి ఈ ఖాతాలో పడుతుంది. ఆ కంపెనీ ఫారంలోనూ అసలు తేదీనే కొట్టాను.

ఎనిమిది నెలల్లో రెండొందల పదిహేడు డాలర్లు పోగయ్యాయి. నా జీవితంలో నేను సంపాదించిన మొదటి డబ్బు అది. రోజూ నెట్ సెంటరుకి పరిగెత్తకుండా ఇంట్లోనే ఒక సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ పెట్టుకోవాలని నా ఆశ. అంతకంటే పెద్ద ఆశ ఇంకొకటుంది. ఆ నోట్లు తెచ్చి మా అత్తయ్య చేతిలో పెట్టాలి. ఆవిడ రోజూ అడిగేది.

"ఏవమ్మా, నీ డబ్బులు ఇవాళైనా టీవీలోంచి కిందకి దిగాయా?"

"టీవీ కాదత్తయ్యా, కంప్యూటరు."

"ఏదైతే ఏంటిలే. దిగాక ఓసారి నాకూ చూపించు, కళ్ళకద్దుకుంటా."

ఆవిడ నవ్వుతూనే అనేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

డబ్బు బ్యాంకుకి పంపమని నొక్కిన రోజున ఎర్ర అక్షరాలు వచ్చాయి. మీ గుర్తింపు రుజువు చేసుకోండి, అంతవరకు డబ్బు కదలదు, అని. వేరే రుజువేదీ లేక టెన్త్ సర్టిఫికెట్ స్కాన్ చేసి పంపాను. నాలుగు రోజులకి జవాబు వచ్చింది. సర్టిఫికెట్లో తేదీ వేరు, ఖాతాలో తేదీ వేరు, కారణం తెలపండి.

ఇంట్లో చెప్తే మా ఆయన తేలిగ్గా తీసిపారేశారు. "పొరపాటున టైపు చేశానని రాసెయ్. ఎవడొచ్చి చూస్తాడు?"

నాకూ అదే తేలిగ్గా అనిపించింది. రాసేశాను. వారం తిరక్కుండా మళ్ళీ ఉత్తరం. కమిషన్ ఇచ్చే కంపెనీ దగ్గర కూడా మీరు అదే తేదీ ఇచ్చారు, రెండు చోట్లా ఒకే పొరపాటు ఎలా జరిగింది? ఖాతాలో ఉన్నదే అసలు తేదీ అయితే, సర్టిఫికెట్లో వేరే తేదీ ఎందుకుందో మీ తల్లిగానీ తండ్రిగానీ నోటరీ ముందు ప్రమాణం చేసి రాసివ్వాలి. ముప్పై రోజుల్లో పంపకపోతే ఖాతా మూసేస్తాం. ఆ మాటలు చదువుతుంటే నెట్ సెంటర్లో అందరూ నా వంకే చూస్తున్నట్టు తల దించుకున్నాను.

నాన్న కొవ్వూరు దగ్గర కాలవ గట్టున మా ఊళ్ళోనే ఉండేవాడు. రెండెకరాల రైతు. ఆస్తి తక్కువైనా మాటకి విలువ ఎక్కువ. గట్టు తగాదా వచ్చినా, పంపకాల్లో పేచీ వచ్చినా, "ఆయన్ని పిలవండి, ఆయన అబద్ధం ఆడడు" అనేవారు. అలాంటి మనిషిని వెళ్ళి ఏమడగాలో బస్సులో ఎంత ఆలోచించినా తోచలేదు. చివరికి వాకిట్లో నిలబడే చెప్పేశాను. బడిలో చేర్పించిన రోజున వయసు అబద్ధం చెప్పానని ఆయన ఒక కాగితం మీద సంతకం పెట్టాలి.

నాన్న చేతిలో ఉన్న పార కడుగుతూనే ఉన్నాడు.

"ఎవరికి పంపుతావమ్మా ఆ కాగితం?"

"మనకి తెలియని వాళ్ళు నాన్నా. వేరే దేశంలో ఉంటారు."

"తెలియకపోతే మాత్రం? అబద్ధం ఆడానని ఈ వయసులో నా చేత రాయిస్తావా?" గొంతు పెద్దది చేసి నా మీద అరవడం నేను ఎరిగి అదే మొదటిసారి. "ఆ డబ్బులు లేకపోతే ఏం కొంప మునిగింది?"

నాకూ కోపం వచ్చింది. "అమ్మ అల్లికల మీద వచ్చిన డబ్బులు అవి. ఊరికే వదులుకోమంటావా?" అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆయన పార గోడకి ఆనించి లోపలికి వెళ్ళిపోయాడు. నేను అన్నం కూడా తినకుండా బస్సెక్కాను.

మూడో రోజు పొద్దున్నే ఫోను. "కొవ్వూరు కోర్టు దగ్గర ఉన్నా. వచ్చెయ్యి."

వెళ్ళేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని నోటరీ లాయరు గారి రేకుల షెడ్డు కింద బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. లాయరు గారు విషయం విని నవ్వేశారు. "ఇలాంటివి రోజుకి నాలుగు చేస్తానండి. పొరపాటున తప్పు తేదీ నమోదైనది అని రాయిస్తా, సరిపోద్ది" అని టైపు మిషను దగ్గరున్న అమ్మాయికి సైగ చేశారు.

"పొరపాటు కాదండి" అన్నాడు నాన్న.

"ఏదో ఒకటి రాయాలి కదండీ."

"జరిగింది రాయండి. తెలిసే చెప్పాను."

లాయరు గారు విసుగ్గా చూశారు. నాన్న నా వైపు చూడకుండా, ఆ టైపు చేసే అమ్మాయికి చెప్తున్నట్టుగా మొదలుపెట్టాడు.

"అప్పుడు దీని తల్లి రాజమండ్రిలో ఆసుపత్రిలో ఉందండి. ఇంట్లో మూడో మనిషి లేరు. పొద్దున పొలం వెళ్ళాలి, సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాలి. పిల్లని ఎక్కడ పెట్టను? వాళ్ళమ్మ చీరతో మంచం కోడుకి కట్టేసి, పక్కన మంచినీళ్ళూ మరమరాలూ పెట్టి వెళ్ళేవాణ్ణి. ఓ రోజు వచ్చేసరికి ముడి ఊడదీసుకుని కాలవ రేవులో ఆఖరి మెట్టు మీద కూచుంది. కాళ్ళు నీళ్ళలో ఉన్నాయి. మర్నాడే బడికి తీసుకెళ్ళాలనుకున్నా. నాలుగేళ్ళు కూడా లేవు. ఐదు నిండితేగాని చేర్చుకోరు."

టైపు మిషను ఆగిపోయింది. ఆ అమ్మాయి నా వైపు చూసింది.

మా రోజుల్లో బడిలో వయసు చూసే పద్ధతి ఒకటుండేది. పిల్ల కుడి చెయ్యి తల మీదుగా వేసి ఎడమ చెవి అందుకోవాలి. అందితే ఐదేళ్ళు నిండినట్టు, అందకపోతే వచ్చే ఏడాది రమ్మనేవారు. ఆ సంగతి నాకు తెలుసు. నాన్న తర్వాత చెప్పిందే తెలియదు.

"వారం రోజులు పొద్దునా సాయంత్రం దీని చేత చెవి పట్టించానండి. ఎంత లాగినా అందదే. చివరికి తల ఇటు వంచి, భుజం పైకెత్తి పట్టుకోవడం నేర్పించా. మేష్టారికి తెలిసిపోయింది. నా మొహం చూసి ఊరుకున్నారు. ఐదు నిండాయండీ అని చెప్పా. ఆయన రాసుకున్నారు."

నాకు బుద్ధి తెలిశాక మొట్టమొదటి జ్ఞాపకం ఒక ఆట. నాన్న నా ఎదురుగా గొంతుక్కూర్చుని "చెవి పట్టుకో, చెవి పట్టుకో" అంటాడు. నేను తల వంచేసి పట్టుకుంటాను. నాన్న చప్పట్లు కొట్టి బెల్లం ముక్క నోట్లో పెడతాడు. అమ్మ లేని లోటు తెలియకుండా పెంచాడు అనడానికి నేను పెళ్ళయ్యాక కూడా అందరికీ ఆ ఆటే చెప్పేదాన్ని. అది ఆట కాదని ఆ రేకుల షెడ్డు కింద తెలిసింది. నాకు ఏడుపు ఆగలేదు. నాన్న జేబురుమాలు తీసి ఇచ్చి, "ఎందుకే, ఇప్పుడేమైంది" అన్నాడు, నా వైపు చూడకుండానే.

ఆయన చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో పేజీన్నర వచ్చింది. లాయరు గారు మళ్ళీ నవ్వలేదు, ఫీజు కూడా సగమే తీసుకున్నారు. ఆ సాయంత్రమే స్కాన్ చేసి పంపాను.

పన్నెండు రోజులకి జవాబు వచ్చింది. మీ తండ్రిగారి ప్రమాణ పత్రం అందింది, పుట్టిన తేదీ విషయంలో మాకిక సందేహం లేదు. ఆ వాక్యం రెండుసార్లు చదువుకున్నాను. కింద ఇంకా ఉంది. అయితే, పొరపాటున టైపు చేశానని అంతకుముందు మీరు రాసిన దానికీ, ఈ పత్రానికీ పొంతన కుదరడం లేదు. మీరు మాకు తప్పుడు సమాచారం ఇచ్చారు కనుక ఖాతా శాశ్వతంగా మూసివేస్తున్నాం. కమిషన్ సొమ్ము పంపిన కంపెనీకే తిరిగి వెళ్తుంది.

బతిమాలుతూ ఆరు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. డబ్బు పోయిందని బాధపడ్డాను, నిజమే. కానీ నన్ను తినేసింది అది కాదు. నాన్న తన పరువు పక్కన పెట్టి, నలుగురిలో నిజం చెప్పాడు. దాన్ని నేను రెండు నిమిషాల్లో టైపు చేసిన అబద్ధం పాడుచేసింది. మా ఆయన మీద అరిచాను గానీ, మీటలు నొక్కింది నా వేళ్ళేగా. ఇంట్లో సంగతి తెలిశాక అత్తయ్య మళ్ళీ ఎప్పుడూ ఆ డబ్బుల ఊసెత్తలేదు. ఆవిడ ఎగతాళి చేసినా బాగుండును అనిపించింది.

నాన్న మాత్రం వారం వారం ఫోను చేసేవాడు. "వచ్చాయా అమ్మా?"

"ఇంకా లేదు నాన్నా." రెండు నెలలు అదే మాట చెప్పాను. మూడో నెలలో ఆయన గొంతు తగ్గించి అడిగాడు. "నేను రాయించింది సరిపోలేదేమో? ఇంకేమన్నా రాయమంటే వస్తాను."

"వచ్చాయి నాన్నా. నిన్ననే వచ్చాయి" అన్నాను.

"చూశావా మరి! ఉన్నది ఉన్నట్టు చెప్తే ఎవరైనా వింటారు." అంత సంబరంగా ఆయన మాట్లాడి ఎన్నేళ్ళయిందో. "మీ అమ్మ చేతి డబ్బులు. కంప్యూటరు తర్వాత కొనుక్కోవచ్చుగాని, ముందు ఓ మంచి చీర తీసుకో."

ఆ నెలలోనే చూడటానికి వచ్చాడు. పెట్టె అడుగున మడత విప్పని చీర ఒకటుంటే కట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. అత్తయ్యకి అది ఎప్పటి చీరో తెలుసు. తలుపు దగ్గర నిలబడి చూసి, కాఫీ పెట్టడానికి వెళ్ళిపోయింది.

"ఇదేనా?" అన్నాడు నాన్న.

"ఇదే నాన్నా."

ఆయన కొంగు చివర రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. కాఫీ వచ్చి చల్లారిపోయినా వదల్లేదు.