వద్దన్నవాళ్ళ చెయ్యి

పోయిన శుక్రవారం పొద్దున అరుగు మీద టీ తాగుతుంటే, పక్కింటి చెల్లెమ్మ కొడుకు వచ్చి గేటు పట్టుకొని నిలబడినాడు. "మామా, అమ్మ పోయింది. నిద్రలోనే" అన్నాడు. చేతిలో గ్లాసు ఎక్కడ పెట్టినానో తర్వాత ఎంత వెతికినా కనపడలేదు.

మార్కాపురంలో మా వీధికి పేరు తెచ్చింది ఆమే. బస్టాండులో దిగి 'కడుపుతో ఉన్నోళ్ళను ఫొటో తీసే అక్క' అంటే చాలు, ఆటోవాళ్ళు ఇంకో మాట అడగకుండా తెచ్చి దింపేవాళ్ళు. తీరా వచ్చి చూస్తే స్టూడియో ఏముంది? వాళ్ళింటి ముందుగది. కిటికీకి పల్చని తెల్లచీర, ఎదురుగా తీగ మీద తెల్ల దుప్పటి, మధ్యలో ఒక స్టూలు. వెనకగోడకు మాత్రం నల్లని పలకరాయి. వాళ్ళాయన పలకల ఫ్యాక్టరీలో పనిచేసేటప్పుడు మిగిలిన ముక్కలు తెచ్చి అతికించినాడు. పలకల సంగతి ఎత్తితే నేను సాయంత్రందాకా ఆపను కాబట్టి వదిలేస్తున్నా. ఆ నలుపు ముందు పసుపుచీర కట్టిన మనిషిని కూచోబెడితే దీపం పెట్టినట్టుండేది.

ఫొటో తీసేటప్పుడు మొగవాళ్ళను లోపలికి రానిచ్చేది కాదు. మొగుళ్ళంతా నా అరుగు మీదే. ఆమె ఎవరినీ నవ్వమనేది కాదు. "లోపల బిడ్డ కదిలితే ముఖం దానంతట అదే మారుతుందన్నా. అప్పుడు నొక్కుతా" అనేది. బిడ్డకేం తొందర? ఒక్కోసారి మధ్యాహ్నం దాటేది. అంతసేపూ నా కథలు విన్న పాపానికి, కొందరు మొగుళ్ళు రెండో కాన్పుకు భార్యను ఒక్కదాన్నే పంపినారు.

ఒకసారి కొమరోలు నుంచి అత్తాకోడళ్ళు ఆస్పత్రికని వచ్చి, పోతూ పోతూ మా వీధిలోకి తిరిగినారు. కోడలికి ముందొక కడుపు నిలవలేదు. ఫొటో కావాలని ఆ పిల్ల పట్టు. అత్త నా గేటు దగ్గరే ఆగిపోయింది.

"ఫొటోలేంది, దిష్టి తగలనీకా? పోయినసారి అయింది చాలు. పద బస్సుకు."

"పోయినసారి బిడ్డది నా దగ్గర ఏమీ మిగల్లేదత్తా" అంది కోడలు. అక్కడినుంచి కదలలేదు.

మా చెల్లెమ్మ బయటికి వచ్చింది. బతిమాలలేదు. "పెద్దమ్మా, దిష్టి తగలకుండా నువ్వే చెయ్యి అడ్డం పెట్టు. నీ చెయ్యి లేకుండా నేనూ తియ్యను."

"కలుపు తీసి తీసి పగిలిన చెయ్యి. ఫొటోకేం బాగుంటాది?"

"అదే బాగుంటాది. రా."

అత్త గొణుక్కుంటూ లోపలికి పోయింది. చానాసేపటికి ఆమె గొంతే వినపడింది. "తన్నిందే. నా చేతినే తన్నింది."

ఆ ఫొటో తర్వాత చూసినా. పసుపుచీర మీద పగుళ్ళ చెయ్యి. కోడలు కెమెరాను చూడటం లేదు, అత్తను చూస్తోంది.

అప్పట్నుంచి మా చెల్లెమ్మకు అదే నియమం: "వద్దన్నవాళ్ళ చెయ్యి ఫొటోలో ఉండాల." గిద్దలూరు తాత ఒకాయన వద్దని గొడవ చేస్తే, ఆయన్ను కూడా లోపలికి పిలిచి మనవరాలి తల మీద చెయ్యి పెట్టించింది. ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఏ ఇంటికి పోయినా గోడ మీద మా పలకరాయి నలుపు కనపడుతుంది. 'మా పక్కింట్లో తీసిందే' అని చెప్పుకుంటా, ఎవరూ అడగకపోయినా.

చెల్లెమ్మ పోయిన మూడోనాడు కొమరోలు పెద్దమ్మ వచ్చింది, బడికి పోయే మనవణ్ణి వెంటబెట్టుకొని. స్టూలు కిటికీ దగ్గరే ఉంది. దాన్ని జరపడానికి ఆ ఇంట్లో ఎవరికీ మనసు రాలేదు. పెద్దమ్మ పోయి స్టూలు మీద చెయ్యి పెట్టింది. తెల్లచీరలోంచి వెలుతురు ఆ పగుళ్ళ మీద పడుతోంది. ఏదో కదిలేదాకా తియ్యకూడదన్నట్టు, చెయ్యి అట్లనే ఉంచింది.