సంఘం పెట్టె

ఆ రోజుల్లో చోడవరం నుంచి విశాఖపట్నం వెళ్ళి ఉద్యోగంలో చేరినవాడికి సొంత ఊళ్ళో అన్నీ చిన్నవిగా కనిపించే జబ్బు ఒకటి పట్టుకునేది. నాకు మొదటి జీతంతోనే పట్టుకుంది. మా నాన్నమ్మకి మాత్రం ఎప్పుడూ అన్నీ ఎక్కువగానే కనిపించేవి. నేను కొనిచ్చిన ఉన్ని దుప్పటి పక్కింటి బాలింతకి ఇచ్చేసింది (చీర సంగతీ అంతే, ఆదివారం చర్చిలో ఇంకెవరో కట్టుకుని నా ముందే కూర్చున్నారు). అడిగితే, "ఉన్నదాంతో నాకు సాలు బాబూ" అనేది.

ఆవిడ పోయిందని ఒక వానాకాలంలో కబురొచ్చింది. పట్నంలోనే ఉన్న మా చిన్నాన్నా నేనూ బాగా ఏడ్చాం. బతికుండగా ఆవిడ తీసుకోనిదంతా ఇప్పుడైనా ఇవ్వాలనుకుని, ఇత్తడి పిడులూ లోపల తెల్లపట్టూ ఉన్న పెద్ద శవపేటిక కొని వేనులో ఎక్కించాం. చోటు లేక నేను దానిమీదే కూర్చున్నాను. అనకాపల్లి దాటాక వానలో తడుస్తున్న ఒకాయన ఎక్కి, నా పక్కన సర్దుకుని, "బీరువా బాగుంది, ఎవులికి బాబూ?" అన్నాడు. మా నాన్నమ్మకని చెప్పి ఏడ్చేశాను. సంగతి అర్థమయ్యాక ఆయన నించునే ప్రయాణం చేసి, వేను మొదట ఆగిన చోటే వానలోకి దిగిపోయాడు.

ఇంటి అరుగు మీద అప్పటికే సంఘం పెట్టె ఉంది. చర్చిలో ఎవరు పోయినా ఆ సన్నటి వేపచెక్క పెట్టెలోనే మోసుకెళ్ళి, శవాన్ని గుడ్డతో గోతిలోకి దించి, పెట్టెని వెనక్కి తెచ్చుకుంటారు. నాన్నమ్మ కోరిక అదేనని తాత చెప్పాడు. "అందరూ ఎల్లిన పెట్టెలోనే తనూ ఎల్తానందిరా." "నలుగురు ఎక్కిన పెట్టెలో మా అమ్మేమిటి, పరువేం కావాలి?" అని చిన్నాన్న వాదించాడు. నేను వత్తాసు పలికాను. తాత సంఘం పెట్టెని అరుగు మీదే ఓ పక్కకి జరిపాడు. ఆవిణ్ణి పెద్దపెట్టెలోనే పడుకోబెట్టాం. ఆ పట్టు మధ్య మరీ చిన్నదిగా, పొరపాటున ఎవరింటికో వచ్చినట్టు కనిపించింది.

సమాధుల దొడ్డికి చెరుకు చేల మధ్య గట్టు మీదుగా వెళ్ళాలి. గట్టు ఒక్క మనిషి నడిచేంత. పెట్టెకి రెండు వైపులా పట్టుకున్నవాళ్ళం నీళ్ళు నిండిన చేలోకి దిగాల్సి వచ్చింది. చిన్నాన్న మోకాలిదాకా కూరుకుపోయాడు, నా చెప్పు బురదలో ఉండిపోయింది, పెట్టె ఒరిగిపోయింది. లోపల ఆవిడ జారిన చప్పుడు అందరికీ వినిపించింది. పాడుతున్న పాట ఆగిపోయింది.

"దించండ్రా. దాన్నింక కష్టపెట్టకండి" అన్నాడు తాత.

సంఘం పెట్టెకి వాసం కట్టి ముందొకరూ వెనకొకరూ మోస్తారు. దాన్ని తెప్పించి, ఆ వానలోనే ఆవిణ్ణి అందులోకి మార్చాం. ఆవిడ ముఖం మీద తాత గొడుగు పట్టాడు, తను తడుస్తూ. ఆ తర్వాత గట్టు ఎవర్నీ ఇబ్బంది పెట్టలేదు. చిన్నాన్న దారంతా వెక్కుతూనే ఉన్నాడు.

సాయంత్రం పక్కింటివాళ్ళు అన్నమూ చారూ పంపారు. ముగ్గురం కంచాల ముందు కూర్చున్నాం. తాత కళ్ళు మూసుకుని, "మాకు సాలినంత ఇచ్చేవు తండ్రీ" అని ఆగిపోయాడు. పొద్దుటినుంచి ఏమీ తిననివాణ్ణి, ప్రార్థన అయిపోయిందనుకుని నేను గట్టిగా ఆమెన్ అనేశాను.

తాత ఒక కన్ను తెరిచి, "ఇంకా ఉందిరా" అన్నాడు. ఆ రోజు ఆయన కొంచెం నవ్వింది అప్పుడే.

ఇప్పుడు మా ఇంట్లో అందరికంటే పొడుగు ప్రార్థన నాదే. అన్నం చల్లారుతోందని పిల్లలు మధ్యలోనే ఆమెన్ అనేస్తారు. కోప్పడదామని కళ్ళు తెరుస్తాను గానీ, నవ్వొచ్చి ఊరుకుంటాను.