సైరన్ మోగితే ముందు సేవ్

తెలంగాణ ఇంకా రాని రోజులు. గోదావరిఖనిలో నేను నడిపిన కంప్యూటర్ సెంటర్ ఓపెన్‌కాస్ట్ గనికి మరీ దగ్గర. రోజూ మధ్యాహ్నం బండ పేల్చే ముందు సైరన్ మోగేది. అది వినగానే కాలనీలో ఆడవాళ్ళు అరల మీది గిన్నెలు పట్టుకునేవాళ్ళు, నా దగ్గర నేర్చుకునే పిల్లలు మానిటర్లు పట్టుకునేవాళ్ళు. పేలుడుకి బల్లలు ఊగేవి, కరెంటు పోయేది. అప్పటిదాకా టైపు కొట్టిందంతా గంగలో కలిసేది.

నాన్న బొగ్గుబాయి పని మానేశాడు, ఆ ఉద్యోగం వారసత్వంగా నాకు రాలేదు. డిగ్రీ చదివి, ఏ పరీక్షా గట్టెక్కక చివరికి ఆ గదిలో పడ్డాను. చెప్పింది ఒకసారికి రాకపోతే పిల్లల మీద అరిచేవాణ్ణి. పొద్దున షట్టర్ ఎత్తుతుంటే ఎందుకు బతుకుతున్నానా అనిపించేది. నిజంగానే అనిపించేది.

అప్పుడు వచ్చింది అక్క. నాకంటే పెద్దది కాబట్టి అలా పిలిచేవాణ్ణి. బాయిలో కప్పు కూలి భర్త పోయాడు. ఆయన బదులు కంపెనీ ఆమెకి పని ఇస్తుంది. టైపింగ్ పరీక్ష పాసైతే ఆఫీసులో, లేకపోతే ఎండలో తట్టమోత. ఆమె నడుము అప్పటికే పాడైంది, బరువులెత్తొద్దని దవాఖానలో చెప్పారు. మొదటిరోజు మౌస్‌ని కాలిన పెనంలా వేలి కొసతో ముట్టింది. కొన్నాళ్ళకే కీబోర్డు చూడకుండా కొట్టేస్తోంది.

కానీ క్లాసు సైరన్ వేళదాకా సాగిన రోజు ఆమె చేతులు ఒళ్ళో పడిపోయేవి. భర్త పోయిన రోజు బాయి సైరన్ ఆగకుండా కూసిందట. గోడకేసి చూస్తూ ఏడ్చేది. కరెంటు వచ్చేసరికి రాసిందంతా పోయేది.

పరీక్ష కబురొచ్చింది. పెట్టేది సరిగ్గా బండ పేల్చే వేళకే. పరీక్ష జరిగే ఆఫీసు గనికి ఇంకా దగ్గర.

"నాతోని గాదు సారు. గా సైరన్ మోగితే నా చేతులు నాయి గావు. తట్టనే మోస్త," అని లేచింది.

నాకు పిచ్చికోపం వచ్చింది. నా బతుకులో ఒక్క పనైనా ఒడ్డుకి చేరాలి. ఈమె కూడా మునిగితే ఇక నేను షట్టర్ ఎత్తలేను.

"కూసో అక్కా! ఏడ్వొద్దంటున్ననా? సైరన్ మోగంగనే ముందు సేవ్ కొట్టు. తర్వాత ఎంతసేపన్న ఏడువు."

ఆమె క్లాసు సైరన్ వేళకే మార్చాను. సైరన్ మోగేది, ఆమె ఏడ్చేది, నేను "సేవ్!" అని అరిచేవాణ్ణి. పిల్లలు నన్ను కసాయిని చూసినట్టు చూసేవాళ్ళు. ఒకరోజు కళ్ళు ధారగా కారుతుండగానే ఆమె వేళ్ళు కదిలాయి. కరెంటు వచ్చాక చూస్తే రాసింది రాసినట్టే ఉంది. ఆ పూట చాన్నాళ్ళకి నాకు అన్నం సహించింది.

పరీక్ష రోజు సైరన్ మోగేసరికి నేను సెంటర్లో ఆమె ఖాళీ కుర్చీ ముందు మానిటర్ పట్టుకుని నిలబడ్డాను. పేలింది. గది ఊగింది. కరెంటు పోయింది. నా ప్రాణాలు నా దగ్గర లేవు.

సాయంత్రం వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

"సేవ్ గొట్టిన సారు. కరెంటు పోతే అందరు లొల్లి పెట్టిన్రు. మల్ల వచ్చినంక చూస్తే నాది ఉన్నది. మిగిలింది కొట్టి ఇచ్చిన."

"ఏడ్వలేదా?"

"యాడ తీరింది? టైమైతదని ఫికరాయె..." అంటూనే కీబోర్డు పక్కకి జరిపి, బల్ల మీద తల పెట్టి భోరుమంది.

పిల్లల్ని బయటికి పంపి, నేనూ మెట్టు మీద కూర్చున్నాను. ఆమె పాసైందని తర్వాత తెలిసింది. నాకు ఉద్యోగం ఎప్పటికీ రాలేదు. ఆ పరీక్ష మర్నాడు మాత్రం పొద్దున్నే వెళ్ళి షట్టర్ ఎత్తాను.