లక్క బిరడాలు

మీర్ ఆలం చెరువులో తిరిగే పడవలను మా పడవలోంచి మైకులో ఒడ్డుకు పిలవడం నా ఉద్యోగం. ఆ మైకు పెట్టెకు వైర్లు గుచ్చని సాకెట్ల రంధ్రాలే ఎక్కువ. వాటిలోకి తుంపరలు పోయి పెట్టె మాటిమాటికీ మూగబోయేది. గుడ్డ పేలికలు కుక్కితే అవి నీళ్ళు పీల్చి ఇంకా పాడుచేసేవి.

లాడ్ బజార్‌కు లక్కగాజులు చేసిచ్చే నా భార్య ఆ రంధ్రాలకు సరిపడా లక్కతో బిరడాలు చేసింది. అలవాటు పోక ఒక్కోదాని తలమీద మెరిసే రాయి అతికించింది.

“ఏంది భాయ్, పెట్టెకు గాజులు తొడిగినవా?” అని పడవ నడిపే అతను నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. రాళ్ళు పీకెయ్యమని ఇంట్లో అరిచాను.

“రాయి పట్టుకొని గుంజితేనే బిరడా ఊడొస్తది. గట్లనే ఉండనియ్యుండ్రి,” అంది.

ఆ వానాకాలం గాలివానకు పడవంతా తడిసింది. నా పిలుపు మాత్రం చెరువంతా వినబడి అందరూ ఒడ్డు చేరారు. పడవ నడిపే అతను తువ్వాలుతో ఆ రాళ్ళను తుడుస్తూ, “భాబీకి నా సలాం చెప్పు భాయ్,” అన్నాడు.

చెప్పాను, నాది కూడా కలిపి.