పదిహేడు బొమ్మలు, నలభై మూడు చీటీలు

మిల్లులో నేసిన గుడ్డ బయటి ప్రపంచాన్ని చూసే ముందు ఒక మనిషి కంట్లో పడాలి. ముప్పై ఆరేళ్ళపాటు ఆ కన్ను చెకింగ్ మేస్త్రిది. కింద లైటు వెలిగే గాజుబల్ల మీదుగా గుడ్డ తాను మెల్లగా జారుతూ ఉంటుంది. దాని ముందు ఆయన న్యాయమూర్తి అంత గంభీరంగా, కాకపోతే మూడుకాళ్ళ స్టూలు మీద, కూర్చుని ఉంటాడు. తెగిన పోగు, బిగిసిన ముడి, నూనె చుక్క, రంగు తేడా, ఏది కనబడ్డా సుద్దతో ఒక గీత, పక్కన ఒక చీటీ. లోపానికో చీటీ. రెండు లోపాలు కవలపిల్లల్లా అంటుకుని ఉన్నా సరే, చీటీలు మాత్రం రెండు. లోపం ఏమిటి, ఎన్నో మీటరు, ఏ తేదీ. అంతకు మించి ఒక్క అక్షరం రాయకూడదు. చీటీలు నలభై దాటాయా, ఇక ఆ తానుకు మోక్షం లేదు. ముక్కలు చేసి మిషన్లు తుడుచుకోవడానికి పంపేస్తారు.

ఇలాంటి ఉద్యోగం చేసినవాడు సాయంత్రం ఇంటికొచ్చి మామూలు మనిషైపోవడం జరిగే పని కాదు. పెళ్ళైన కొత్తలో భార్య కొత్తబట్టలు కట్టుకుని వచ్చి, "ఎలా ఉన్నాయండీ?" అని అడిగింది. "ఎడమ భుజం దగ్గర రెండు పోగులు లాగేశాయి" అన్నాడు. ఆ తర్వాత ఆవిడ ఆయన్ని ఏదీ ఎలా ఉందని అడిగిన పాపాన పోలేదు. కోడిగుడ్డుకి ఈకలు పీకే అల్లుడు దొరికాడని అత్తగారు వాపోయింది. "ఉంటేనే కదా అత్తయ్యా పీకేది" అని అల్లుడు గారు వినయంగా మనవి చేసుకున్నాడు.

వాళ్ళకి ఒక్కతే కూతురు. పేరు ఒకటుంది గానీ అది ఆస్పత్రి కాగితాలకే పనికొచ్చింది. ఇంట్లో పాప. ముప్పై నాలుగేళ్ళొచ్చినా పాపే. పాపకి మొత్తం మాటలు నాలుగు: అమ్మ, నీళ్ళు, లైటు, వద్దు. ఇంతకు మించి ఆశ పెట్టుకోవద్దని డాక్టర్లు ముందే చెప్పేశారు. ఆ నాలుగింట్లో 'నాన్న' లేదు. లోకంలో మేస్త్రి చీటీ రాయని లోపం అదొక్కటే.

పాపకి ఆరేళ్ళప్పుడు ఊరి చివర పార్కుకి తీసుకెళ్ళారు. రంగులరాట్నం చూసి ఏడ్చింది, జారుడుబల్ల చూసి ఏడ్చింది, ఐస్‌క్రీమ్ చేతికిస్తే చల్లగా ఉందని ఏడ్చింది. ఇక ఇంటికి పోదాం అనుకుంటూ, ఊరికే నీడ ఉంది కదా అని, బొమ్మల గుహలోకి వెళ్ళారు. చీకటి గుహలో సన్నటి కాలవ. అందులో నలుగురు పట్టే పడవ పదకొండు నిమిషాలపాటు నత్తతో పందెం వేసుకున్నట్టు పోతుంది. గట్టు మీద అక్కడక్కడా లైటు వెలిగి ఒక్కో బొమ్మ కదులుతుంది. చెప్పు కుట్టే మామ సుత్తి ఎత్తి దించుతాడు. బావిలోంచి నక్క తల బయటపెడుతుంది. ఎలుగుబంటి డప్పు కొడుతుంది. మొత్తం పదిహేడు బొమ్మలు. వెనకాల కూర్చుని తెడ్డు వేసే పడవ మామ ఒక్కొక్కదాని పేరూ పిలుస్తూ ఉంటాడు. లోపల ఉన్నంతసేపూ పాప ఏడవలేదు.

మూడోసారి వెళ్ళినప్పుడు, పడవ మామ నోరు తెరిచే లోపు, "మామ" అంది పాప. చెప్పులు కుట్టే మామని.

అలా ఏడాది తిరిగేసరికి పదిహేడు పేర్లూ వచ్చేశాయి. గుహ బయట మళ్ళీ నాలుగు మాటలే. లోపల మాత్రం పేర్లు వరసగా, గట్టిగా, బొమ్మ కదలగానే. పడవ మామ తన ఉపన్యాసం శాశ్వతంగా విరమించుకుని పాపకి అప్పజెప్పాడు. ఆనాటి నుంచి నెలలో మొదటి ఆదివారం, ఎండైనా వానైనా, ముగ్గురూ పార్కులో ఉండేవారు. ఇరవై ఎనిమిదేళ్ళు.

ఇన్నేళ్ళు ఒకేచోటికి పోతే అక్కడా చుట్టరికాలు ఏర్పడతాయి. గుహ ఎదురుగా ఉన్న సిమెంటు బెంచీ మీద ఇద్దరు పాతకాపులు ఎప్పుడూ ఉండేవారు: కళ్ళజోళ్ళ షాపాయన, రిటైరైన నర్సమ్మ. వాళ్ళ పిల్లల్ని ఆడించడానికి వచ్చి, పిల్లలు పెద్దవాళ్ళై రావడం మానేశాక కూడా మానలేక వస్తున్నవాళ్ళు. ఈ మధ్య వాళ్ళు చేసే పనల్లా ఒకటే, పార్కు పాడైపోయిందని బాధపడటం. ఆ పని మాత్రం నిష్ఠగా చేసేవారు.

"ఆ రోజుల్లో పొద్దున్నే గేటు తియ్యకముందే మెకానిక్కు నూనెడబ్బా పట్టుకుని గుహంతా తిరిగేవాడయ్యా. ఇప్పుడు నూనె పాప్‌కార్న్‌లో తప్ప ఎక్కడా కనబడదు" అనేవాడు కళ్ళజోళ్ళాయన.

"అది నూనె అని ఎవరన్నారు మీతో?" అనేది నర్సమ్మ. "నిన్న మొన్నటి నూనె కాదన్నయ్యా అది. మనందరికన్నా సీనియరు."

"అదిగో, ఆ మిషను చూడండి. జనాన్ని తలకిందులు చేసి దులుపుతోంది. దులిపించుకోడానికి క్యూ!" అని కొత్త రైడు వైపు చూపించేవాడు కళ్ళజోళ్ళాయన.

"జేబుల్లోవి రాలితే పార్కువాళ్ళకేగా" అని మేస్త్రి ముగించేవాడు.

నవ్వుకునేవారు గానీ, మేస్త్రికి లోపల నవ్వు లేదు. పాప పేర్లు చెప్పేది వరసలోనే. మధ్యలో ఒక బొమ్మ కదలకపోతే నోరు తెరిచి అలాగే ఉండిపోయేది. ఆ బొమ్మ పేరు రాదు. దాని తర్వాత ఉన్నవాటి పేర్లూ రావు. పాత రోజుల్లో కౌంటరులో చెబితే వారంలో బాగుచేసేవారు. యజమానులు మారాక కౌంటరులో వినే చెవి లేకుండా పోయింది. దాని బదులు ఒక పెట్టె పెట్టారు. పైన, 'మీ అభిప్రాయమే మాకు ప్రాణం' అని రాసి ఉండేది.

మేస్త్రికి రాయడం ఒక్కటే పద్ధతి వచ్చు. లోపానికో చీటీ.

'తొమ్మిదవ బొమ్మ, ఎడమ మోచేయి బిగిసినది.' కింద తేదీ, సంతకం, మిల్లు చెకింగ్ మేస్త్రి అన్న హోదా. 'పన్నెండవ బొమ్మ పైలైటు వెలుగుట లేదు.' తేదీ. 'నాలుగవ బొమ్మ తల సగమే పైకి వచ్చుచున్నది.' తేదీ. ఒక్కో ఆదివారం ఒక చీటీ, ఒక్కోసారి రెండు మూడు. కళ్ళజోళ్ళాయన ప్రతిదాని మీదా సాక్షి సంతకం పెట్టేవాడు, ఏదో వీలునామా అన్నట్టు.

"ఏమండీ, పాప సంగతి కూడా ఓ ముక్క రాయకూడదూ?" అని భార్య ఒకసారి అడిగింది.

"తాను మీద లోపం రాస్తాం. ఆ గుడ్డ ఎవరు కట్టుకుంటారో రాస్తామా?" అన్నాడు మేస్త్రి. ఆవిడ ఆ చీటీ అలాగే తీసుకెళ్ళి పెట్టెలో వేసింది. మిల్లులో పనిచేసింది ఆవిడ కాదుగా.

రెండేళ్ళు అలా సాగింది. ఆరో బొమ్మ, అంటే డప్పు కొట్టే ఎలుగు, పూర్తిగా ఆగిపోయింది. పాప మాటలు ఐదు దగ్గర తెగిపోయాయి. మూడు నెలలు వరసగా ఐదే. నాలుగో నెల వెళ్ళేసరికి గుహ ముందు రంగురంగుల బోర్డు ఉంది. 'సందర్శకుల అభిప్రాయాలను గౌరవిస్తూ, బొమ్మల గుహను ఈ నెలాఖరుతో శాశ్వతంగా తొలగిస్తున్నాం.'

మేస్త్రి బోర్డు రెండుసార్లు చదివాడు. అందులో అచ్చుతప్పు ఒక్కటీ లేదు. భార్యనీ పాపనీ బెంచీ దగ్గర వదిలేసి సరాసరి మేనేజరు గదికి వెళ్ళాడు.

మేనేజరు కొత్తగా వచ్చిన అమ్మాయి. పాపకన్నా చిన్నది. లేచి నిలబడి కుర్చీ చూపించింది. పేరు చెప్పగానే మొహం విప్పారింది.

"మీరేనా సార్! మిమ్మల్ని ఒకసారి చూడాలనుకున్నాం. మా మీటింగులో మీ చీటీలే చదివారు." బీరువాలోంచి ఫైలు తీసింది. "రెండేళ్ళలో గుహ మీద నలభై మూడు ఫిర్యాదులు. మిగతా పార్కు మొత్తానికి తొమ్మిది."

"అవి ఫిర్యాదులు కావమ్మా. బాగుచెయ్యమని రాశాను."

"అలా అని ఎక్కడా లేదు సార్."

నిజమే. లేదు. ఆమె ఫైలు ఆయన వైపు తిప్పింది. ఒక్కొక్క చీటీ విడిగా కాగితానికి అంటించి, నంబరు వేసి, ఎంతో శుభ్రంగా పెట్టారు. ఆ పని అంత బాగా చేసినవాళ్ళని మేస్త్రి ఉద్యోగంలో ఉండగా ఒక్కరినీ చూడలేదు.

"మీరు మిల్లులో చెకింగ్ చేసేవారట కదా, కింద రాశారు. మీరే చెప్పండి సార్. ఒకదాని మీద ఇన్ని లోపాలు వస్తే మీరు ఉంచుతారా?"

అబద్ధం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం మనిషి జీవితంలో రాదు.

"ఉంచం" అన్నాడు మేస్త్రి.

ఆ తర్వాత చెప్పాడు. తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, నిలబడే చెప్పాడు. పాప సంగతి, నాలుగు మాటల సంగతి, పదిహేడు పేర్ల సంగతి. చీటీ రాసే మనిషి కాబట్టి క్లుప్తంగానే చెప్పాడు. ఆ అమ్మాయి ఫైలు మూసేసింది.

"ఇదంతా ఒక్క చీటీలో రాసి ఉంటే..." అని ఆగిపోయింది. ఆ మాట పూర్తిచెయ్యకపోవడం ఆమె మంచితనం. పని ఒప్పజెప్పేశారట, కూల్చేవాళ్ళు ఒకటో తారీఖున వస్తారట. "ఆఖరి ఆదివారం తీసుకురండి సార్. మీ ముగ్గురికే ఒక పడవ తిప్పిస్తాను. బొమ్మలన్నీ కదిలేట్టు చూస్తాను. నా మాట."

బెంచీ దగ్గర సంగతి విని కళ్ళజోళ్ళాయన మొహం మాడ్చుకున్నాడు. "నలభై మూడింటికీ నేనే సాక్షిని" అన్నాడు. నర్సమ్మ తన సంచీ తీసుకుని బెంచీ అవతలి చివరికి జరిగింది. మేస్త్రి భార్య మాత్రం పాప చెప్పు బెల్టు సరిచేస్తూ, "పదండి, బస్సు వస్తుంది" అంది.

ఆ అమ్మాయి మాట తప్పలేదు. ఎక్కడి నుంచి పట్టుకొచ్చిందో పాత మెకానిక్కుని పట్టుకొచ్చింది. ముసలాయన మూడు రోజులు గుహలో మోకాళ్ళ మీద పాకి పదహారు బొమ్మల్ని లేపాడు. బిగిసిన మోచేతులు వదులయ్యాయి, లైట్లు వెలిగాయి, నక్క పూర్తిగా బావిలోంచి బయటికొచ్చింది. ఎలుగు మాత్రం లేవలేదు. దాని లోపల ఉన్న మోటారు ఇప్పుడు ఎవరూ తయారు చెయ్యడం లేదట. "ఒక్కటే సార్, మిగతావన్నీ పరుగులు పెడుతున్నాయి" అని మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ మేస్త్రితో అన్నాడు. ఒక్కటి ఆగితే ఏమవుతుందో ఆయనకి ఎవరూ చెప్పలేదు. అంత పనిచేసినవాడికి ఏమని చెబుతారు?

పడవలో ముందు పాప, ఆమె పక్కన మేస్త్రి, వెనక భార్య. పడవ మామ ఇప్పుడు పూర్తిగా ముసలివాడు. అయినా ఆవేళ వేరెవరినీ తెడ్డు ముట్టుకోనివ్వలేదు. చీకట్లోకి వెళ్ళగానే మొదటి లైటు వెలిగింది.

"మామ" అంది పాప. రెండు. మూడు. "నక్క." ఐదు. గొంతు గుహంతా మోగింది.

ఆరో లైటు వెలిగింది. ఎలుగు రెండు చేతులూ గాలిలో ఉంచుకుని నిలబడి ఉంది. పాప నోరు తెరిచింది. పడవ మామ తెడ్డు వెనక్కి వేసి, పడవని ఆపగలిగినంతసేపు ఆపాడు.

అప్పుడు మేస్త్రి పడవ అంచు మీద వేళ్ళతో డప్పు కొట్టాడు. ఎలుగు కొట్టే దరువే. ఇరవై ఎనిమిదేళ్ళుగా విన్నది, తప్పు పోవడానికి వీల్లేనిది. కొడుతూ పాప మొహంలోకే చూశాడు. "ఊఁ, తల్లీ. ఊఁ."

పాప ఎలుగు వైపు చూసింది. ఆయన చేతి వైపు చూసింది. మళ్ళీ ఎలుగు వైపు చూసింది. ఒకదాని బదులు ఇంకోటి పెడితే ఇట్టే పట్టేసే కన్ను ఆ ఇంట్లో ఒక్కరికే ఉందని ఇన్నాళ్ళూ అందరూ అనుకున్నారు. ఆమె తన చెయ్యి ఆయన వేళ్ళ మీద పెట్టి, దరువుని ఆపేసింది.

"వద్దు" అంది.

పడవ కదిలింది. ఏడో బొమ్మ లైటు వెలిగింది, బొమ్మ లేచి కూర్చుంది. తర్వాత ఎనిమిది, తొమ్మిది. కొత్తగా నూనె పట్టిన కీళ్ళతో, కిర్రుమనకుండా, పేరు పిలిస్తే పలకడానికి సిద్ధంగా ఉన్న బడిపిల్లల్లా వరసగా పదకొండు బొమ్మలు కదిలాయి. ఏ ఒక్కదానిలోనూ వంక పెట్టడానికి లేదు. మేస్త్రి అన్నింటినీ చూశాడు. పాప కూడా చూసింది, పెదవులు బిగించి. వెనక నుంచి తల్లి మెల్లగా ఒక్కో పేరూ పలకబోయి, రెండో పేరు దగ్గర ఆపేసింది.

వెలుతురులోకి వచ్చి గట్టుకి ఆనుకున్నాక కూడా పాప చెయ్యి ఆయన వేళ్ళ మీదే ఉంది. మళ్ళీ కొడతాడేమోనని గట్టిగా అదిమి పట్టుకుని ఉంది. దిగండి అని చెప్పవలసిన పడవ మామ తెడ్డు ఒళ్ళో పెట్టుకుని నీళ్ళవైపు చూస్తూ ఉండిపోయాడు. క్యూలో వెనక ఎవరూ లేరు కాబట్టి, తొందరపెట్టేవాళ్ళు కూడా లేరు.